మాకు రాని వాసన

ఆ ఎండాకాలం మా ఇంటి కిటికీలకు ప్లాస్టిక్ పట్టాలు కప్పి, అంచుల వెంట టేపు అంటించారు. లోపల నేనూ, మా మామగారూ మిగిలాం.

మా ఇల్లు పెట్రోలు బంకు వెనకే. ముందు బంకు, మధ్యలో కాస్త ఖాళీ జాగా, ఆ తర్వాత మా మెట్లు. వెనక గుమ్మం లేదు. భూమిలో పాతిన ట్యాంకు కారుతోందని తేలాక బంకు మూతపడింది. పంపులు పీకేశారు. సిమెంటు పగలగొట్టి తవ్వకం మొదలుపెట్టారు. వాకిలంతా గొయ్యి అయిపోయి, ప్రహరీ పక్కన ఒక చెక్క మాత్రం దారిగా మిగిలింది. అంతకు ముందు ఏడే మామగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. వాకరు పట్టుకుని గదిలోంచి హాల్లోకి రావడమే ఆయనకు గగనం. ఆయన ఆ చెక్క దాటలేరు. ఆయన్ని ఒక్కణ్ణే వదిలి నేను దాటలేను. మా ఆయన పొద్దున్నే గోతి దగ్గరికి పోతే మళ్ళీ అన్నానికే రావడం.

"ఊపిరాడట్లేదు మామయ్యా" అనేదాన్ని.

"ఎండాకాలం కదమ్మాయ్" అనేవారు ఆయన, ఫ్యాను వైపు చూస్తూ. అంతేగానీ ఆ మాటలో ఇంకో అర్థం ఉండొచ్చని ఆయనకు తోచేది కాదు. పెట్రోలు కంపు ఇల్లంతా ఉందని, అందుకే పట్టాలు వేశామని పనివాళ్ళు మూతికి మాస్కులు కట్టుకుని మరీ చెప్పారు. మాకు మాత్రం ఏ వాసనా రాలేదు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో కొన్నాళ్ళు వచ్చేది. తర్వాత మానేసింది. బంకు వాళ్ళ ముక్కులు అంతే.

ట్యాంకును గొలుసులు కట్టి పైకి లేపిన రోజు నేను గుమ్మంలో నిలబడి చూశాను. మట్టి పరీక్షలు చేసే ఇంజనీరు ఒకావిడ వచ్చింది. వయసులో నాకంటే చిన్నది. పనివాళ్ళు మేడం అనేవాళ్ళు, నేను ఇంజనీరమ్మ అనేదాన్ని. ఆవిడ ట్యాంకు కిందికి వంగి చూసి, "ఇదిగోండి చిల్లు" అని మా ఆయన్ని పిలిచి వేలుతో చూపించింది. తుప్పు పట్టిన రేకులో నాణెమంత చిల్లు. దాని చుట్టూ రేకు కాగితంలా పలచబడి ఉంది.

హాల్లోంచి మామగారు కేకేశారు. "చిల్లెక్కడరా?"

"అడుగున నాన్నా" అన్నారు మా ఆయన.

"అడుగున అంటే ఎక్కడ?"

మా ఆయన ఇంజనీరమ్మ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసింది. ఇద్దరూ నోరు మెదపకపోతే నేను ఊరుకునే రకం కాదు. "మీ కర్ర దిగే చోట మామయ్యా" అన్నాను.

కర్ర అంటే కర్ర కాదు, ఇత్తడి కడ్డీ. ట్యాంకులో ఎంత పెట్రోలు ఉందో చూడటానికి పైనున్న గొట్టంలోంచి దించి కొలిచేది. మామగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచేవారు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. అడుగు తగిలిందని నమ్మకం కుదరాలంటే ఠంగుమని చప్పుడు రావాలి ఆయనకు. ఆ చప్పుడుకే మా ఇల్లు నిద్ర లేచేది. జీవితమంతా అదే గొట్టంలోంచి అదే చోట కడ్డీ తగిలి తగిలి రేకు అరిగిపోయిందని, అరిగిన చోటే తుప్పు పట్టిందని ఇంజనీరమ్మ మెట్లెక్కి వచ్చి మెల్లగా చెప్పింది. "చాలా బంకుల్లో ఇలాగే అవుతుందండీ. మీ తప్పు కాదు" అని కూడా అంది.

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది.

"ఒక్క మాట చెప్పండి. కొలతలో తరుగు ఎప్పటి నుంచి కనబడుతోంది? అది తెలిస్తే పెట్రోలు ఎంత దూరం పాకిందో ఒక అంచనాకు వస్తాను. ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది."

"పోయిన వానాకాలం నుంచి" అన్నారు మామగారు.

పోయిన వానాకాలానికి ఆయన మంచంలో ఉన్నారు. అప్పటి నుంచి కొలుస్తున్నది మా ఆయన. తరుగు కనిపెట్టి, మనుషుల్ని పిలిపించిందీ ఆయనే. మా ఆయనకు తెలిసినంతవరకు ఆ మాట నిజమే. ఇంజనీరమ్మ తల ఊపి వెళ్ళిపోయింది. నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది.

ఆ పూట అన్నం దగ్గర మా ఆయన్ని అడిగాను. "మా తమ్ముడు ఇల్లొదిలి వెళ్ళింది పోయిన వానాకాలమేనా?"

"ఇప్పుడవన్నీ తవ్వకే."

"తవ్వుతున్నది నేనా? వాకిట్లోకి చూడండి."

మా తమ్ముడు ఈ బంకులోనే పనిచేసేవాడు. రాత్రి బంకు కట్టేశాక పంపుల దగ్గరే మడత మంచం వేసుకుని పడుకునేవాడు. సాయంత్రం కొలతకూ పొద్దుటి కొలతకూ తేడా వస్తోందని మామగారు పసిగట్టారు. రాత్రి అమ్మకం లేదు, అక్కడున్నది వీడొక్కడే. డబ్బాలకెత్తి అమ్ముకుంటున్నాడని తేల్చేశారు. "కర్ర అబద్ధం చెప్పదు, మనుషులే చెబుతారు" అన్నారు. "ఒక్క వారం నన్ను ఇంట్లో పడుకోబెట్టి, బయట తాళం వేసి కొలవండి మావయ్య గారూ" అని వాడు బతిమాలాడు. "దొంగ చెప్పినట్టు నేను కొలవాలా?" అన్నారు మామగారు. నేను ఇల్లు పీకి పందిరేశాను. చివరికి వాడే నా చెయ్యి పట్టుకుని, "నీ కాపురం ఇక్కడ. ఊరుకో అక్కా" అని, మడత మంచం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

కాబట్టి ఆ ఎండాకాలం నాకు కావలసింది ఒక్కటే. వాడు వెళ్ళాక, పంపుల దగ్గర పడుకునేవాళ్ళు ఎవరూ లేని రోజుల్లో, పొద్దుటి కొలత తగ్గిందా లేదా? ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరే. ఆయన నాతోపాటు తలుపులేసిన ఇంట్లో కూర్చుని ఉన్నారు.

గొయ్యి పెరుగుతూ పోయింది. ఇంజనీరమ్మ గోతి గోడల్లోంచి మట్టి తీసి గాజు సీసాల్లో నింపేది. చేతిలో ఒక మీటరు, దాన్ని మట్టి దగ్గర పెడితే కీచుమని అరిచేది. అరిస్తే ఆ గోడను ఇంకాస్త చెక్కాలి. నల్లబడిన మట్టిని లారీకెత్తాలి. ఒక గోడ శుభ్రపడింది, ఇంకోటి శుభ్రపడింది. మా ఇంటి వైపు గోడ మాత్రం ఎంత చెక్కినా అరుస్తూనే ఉంది. చెక్కుతూ చెక్కుతూ మా మెట్ల దాకా వచ్చారు. చివరికి మెట్లూ పోయాయి. గుమ్మం తెరిస్తే ఎదురుగా గొయ్యే.

"పోయిన వానాకాలం నుంచే అయితే ఇంతుండకూడదే" అని ఇంజనీరమ్మ మా ఆయనతో అనడం విన్నాను. మామగారూ విన్నారు. ఆ వేళ ఆయన కర్రను ఒళ్ళో పెట్టుకుని పాత గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. బంకు లేదు, ట్యాంకు లేదు, కర్ర మాత్రం తళతళలాడుతోంది.

"మామయ్యా, మా తమ్ముడు వెళ్ళాక కర్ర ఏం చెప్పింది?"

"కూరలో ఉప్పు సరిపోయిందమ్మాయ్."

"నేను ఉప్పు సంగతి అడగలేదు."

"కారం కూడా."

ఒకసారి పళ్ళెం ముందు పెడుతూ అడిగాను. ఒకసారి మందులిస్తూ అడిగాను. ఒకసారి అడగకుండా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆయన చెడ్డ మనిషైతే నాకు హాయిగా ఉండేది. పెట్టింది తినేవారు. వంక పెట్టేవారు కాదు. "పొద్దుటి నుంచి నిలబడే ఉన్నావు, కాసేపు నడుం వాల్చు" అనేవారు. ఆ మంచితనమే నన్ను పీక నొక్కినట్టు నొక్కేది. తిడదామంటే నోరు రాదు, పోనీలే అనుకుందామంటే మనసు రాదు. గోడకేసి తల బాదుకోవాలనిపించేది. ఆ గోడకూ టేపే.

వంటింట్లో వెనక వైపు, ఎత్తులో, ఊచలున్న చిన్న కిటికీ ఒకటుంది. అదొక్కటీ మూయలేదు. వెనక వీధి మాకంటే పల్లంలో ఉంటుంది. సరిగ్గా ఆ కిటికీ కిందే బట్టలు కుట్టే ఆమె గది. స్టూలెక్కి ఊచల్లోంచి ఆమెతో నాలుగు మాటలు మాట్లాడితే తప్ప నాకు రోజు గడిచేది కాదు. మామగారి చొక్కాలు కుట్టేదీ ఆమే.

"కళ్ళజోడు మార్చానమ్మా" అంది ఆమె ఒక మధ్యాహ్నం. "మార్చిందాన్నే మళ్ళీ మార్చాను. తలనొప్పి మాత్రం పోవట్లేదు. మిషను ముందు కూర్చుంటే కడుపులో తిప్పేస్తోంది."

"ఈ వయసులో వేవిళ్ళా ఏమిటి?" అన్నాను.

"నీ నోట్లో మన్ను పడ!" అని పకపకా నవ్వింది. నవ్వుతూనే నుదురు పట్టుకుంది.

స్టూలు దిగి చూస్తే, వంటింట్లోనే భోంచేస్తున్న మామగారు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉన్నారు.

"ఏమంటోంది?"

"తలనొప్పట."

"ఎప్పటి నుంచట?"

మళ్ళీ స్టూలెక్కి అడిగాను. "చాన్నాళ్ళయిందమ్మా. గది తలుపు మూస్తే మరీ ఎక్కువ" అంది. అదే మాట చెప్పాను. ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. చెయ్యి కడుక్కుని, వాకరు లాక్కుని హాల్లోకి వెళ్ళారు. కుర్చీలో కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"ఆ అమ్మాయిని ఒకసారి పిలు" అన్నారు.

ఇంజనీరమ్మ చెక్క మీదుగా వచ్చి, బూట్లు గుమ్మం పక్కన విడిచి లోపలికి వచ్చింది. నేను టీ పెట్టడానికి వెళ్ళాను. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి మామగారు మాట్లాడుతున్నారు, ఆవిడతో కాదు, చేతిలో ఉన్న కర్రతో మాట్లాడుతున్నట్టు.

"పోయిన వానాకాలం అన్నాను కదూ. కాదు. మా కోడలి తమ్ముణ్ణి పంపేశాం. అంతకు ముందు నుంచే తగ్గుతోంది. వాడు వెళ్ళిన మర్నాడు పొద్దున కర్ర వేశాను. తగ్గింది. ఆ మర్నాడూ తగ్గింది. నేను పడిపోయేదాకా తగ్గుతూనే ఉంది. ఎండకు ఆవిరవుతోందని అనుకున్నాను."

కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నారు.

"అనుకోలేదు. అనుకోవాలని చూశాను."

"అంటే ఎన్నాళ్ళండీ?" అంది ఇంజనీరమ్మ. వాడెవడో, ఎందుకు పంపేశారో ఆవిడకు తెలియదు. ఆవిడకు కావలసింది కాలం లెక్క.

"నాలుగేళ్ళు దాటింది."

"అయ్యో, ముందే చెప్పుంటే..." అని ఆపేసింది. "అంత పాతదైతే మీ ఇంటి కిందుగా వెనక పల్లంలోకి దిగిపోయి ఉంటుంది. మేము ఇన్నాళ్ళూ ముందు వైపే చెక్కుతూ కూర్చున్నాం."

"వెనక ఒకామె బట్టలు కుడుతుంది. ముందు ఆమె గది చూడమ్మా."

నాలుగేళ్ళుగా ఈ మాట కోసం కాచుకుని ఉన్నదాన్ని. వినగానే ఏమేం కడిగెయ్యాలో ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో. ఏడుపొచ్చింది. జాలితో కాదు, కోపంతో. గ్లాసు ఇంజనీరమ్మ చేతికిచ్చి, "చల్లారకముందే తాగండి" అన్నాను.

మామగారు నా వైపు చూడలేదు.

బట్టలు కుట్టే ఆమె గదిలో మీటరు ఆగకుండా అరిచింది. ఆ సాయంత్రమే ఆమెను, మిషనుతో సహా, వాళ్ళ చెల్లెలి ఇంటికి చేర్చారు. ఆ తర్వాత మా వంతు. హాలు నేల తొలిచి గొట్టాలు దించాలి, భూమిలోని ఆవిరిని మోటారు పెట్టి బయటికి లాగాలి, ఆ పని జరిగినన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ ఉండకూడదు అన్నారు. మా ఆయన నాలుగు చోట్ల అడిగి చూశారు. ఎక్కడా కింది అంతస్తు దొరకలేదు. వాకరుతో మెట్లెక్కడం జరిగే పని కాదు.

"మా తమ్ముడి ఇల్లు కిందే ఉంది" అన్నాను.

 మా ఆయన తండ్రి వైపు చూశారు.

"వాడు రానిస్తాడా?" అన్నారు మామగారు.

"నాకేం తెలుసు? నేను మాత్రం ఫోను చెయ్యను. ఎవరు పంపారో వాళ్ళే పిలవాలి."

మా ఆయన ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళారు. ఏం మాట్లాడారో తెలియదు. బయటికి వచ్చేటప్పుడు ముఖం తుడుచుకుంటూ వచ్చారు.

మర్నాడు తమ్ముడు బండి వేసుకుని వచ్చాడు. మంచినీళ్ళ డబ్బాలు ఇంటింటికీ వేసే చిన్న వ్యాను. పెట్రోలు డబ్బాలకెత్తాడని పంపేస్తే, చివరికి డబ్బాలే వాడి బతుకయ్యాయి. చెక్క దాటకుండా గోతికి అవతలే ఆగాడు. కాస్త లావయ్యాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మామగారు గుమ్మం దాకా వచ్చి వాకరు మీద వాలి నిలబడ్డారు. మధ్యలో గొయ్యి.

"నువ్వడిగినట్టు కొలవాల్సిందిరా" అన్నారు.

తమ్ముడు గోతి అంచుకు వచ్చి లోపలికి చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి, అడుగు దాకా, నింపాదిగా చూశాడు. తర్వాత తలెత్తి నవ్వాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, ఏడుపొచ్చినా నవ్వే.

"ఇంత పెట్రోలు నేనెక్కడ దాచాననుకున్నారు మావయ్య గారూ?"

ఎవరం నవ్వలేదు. తవ్వకం మిషను మీదున్న డ్రైవరు ఒక్కడు, సంగతి తెలియక, ఫక్కుమన్నాడు.

మామగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు తమ్ముడు, వెనక మా ఆయన పట్టుకుని చెక్క దాటించారు. మధ్యలో చెక్క ఊగింది. మామగారు గబుక్కున తమ్ముడి భుజం పట్టుకున్నారు. అవతల దించాక కూడా ఆ చెయ్యి తియ్యడం మరిచిపోయారు. వాడూ విదిలించుకోలేదు.

మా ఆయన బంకులోనే, తవ్వకం పక్కన రేకుల షెడ్డులో ఉండిపోయారు. మేము తమ్ముడి రెండు గదుల్లో సర్దుకున్నాం. కిటికీలు బార్లా తెరిచి ఉండేవి. గాలికి కేలండరు టపటపా కొట్టుకునేది. మొదటి రోజు ఆ కిటికీ దగ్గర నిలబడి ఊరికే గాలి పీలుస్తూ ఉండిపోయాను. తమ్ముడు మంచివాడే, కానీ మరీ అంత పెద్ద మనసేం కాదు. మామగారికి తన మడత మంచం వేశాడు. నీళ్ళ చెంబు అందేచోట పెట్టాడు. మాటలు మాత్రం లెక్కపెట్టుకుని మాట్లాడాడు. అది ఆ మంచమేనని మామగారు గుర్తుపట్టారు. దాని మీద కూర్చున్నంతసేపూ ఒక చివరనే కూర్చునేవారు.

గొట్టాలు వేయడం అయిందని కబురు వచ్చాక తమ్ముడే వ్యానులో మమ్మల్ని దించడానికి బయలుదేరాడు. మామగారు ముందు వాడి పక్కన, నేను వెనక డబ్బాల మధ్య. మా వీధి మలుపు తిరిగామో లేదో మామగారు చెయ్యెత్తారు.

"ఆపరా. ఏమిటీ కంపు?"

తమ్ముడు బండి ఆపాడు. అప్పటికే నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కళ్ళు మండుతున్నాయి. కాపురానికి వచ్చిన కొత్తలో వచ్చిన వాసనే అది, నూరింతలై వచ్చింది.

"పెట్రోలు మావయ్య గారూ."

"ఇంతుందా?"

"ఎప్పుడూ ఇంతే. ఇక్కడున్నప్పుడు నాకూ వచ్చేది కాదు."

తమ్ముడు బండి మళ్ళీ పోనిచ్చాడు. బంకు ముందు మా ఆయన కుర్చీ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముఖంలో సంతోషం. "మోటారు నడుస్తోంది నాన్నా. ఇక భయం లేదట, వచ్చే ఎండాకాలానికి మొత్తం శుభ్రపడుతుందట. పట్టాలు మాత్రం అప్పటిదాకా ఉంచాలి."

"వాసన వస్తోందిరా" అన్నారు మామగారు.

"ఏ వాసన?"

మామగారు కొడుకు ముఖం కేసి చూశారు. తర్వాత నా కేసి తిరిగారు. "వీడికి రావట్లేదమ్మాయ్" అన్నారు. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు.

ఇంకెక్కడికి పోతాం? లోపలికే వెళ్ళాం. హాలు మధ్యలో లావుపాటి గొట్టం లేచి పైకప్పులోంచి బయటికి పోయింది. మోటారు రోదకు ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. కిటికీలకు కొత్త టేపు వేశారు. మొదటి రోజు మామగారు తువ్వాలు ముక్కుకు చుట్టుకునే పడుకున్నారు. రెండో రోజు తువ్వాలు భుజం మీదకు దిగింది. ఆ తర్వాత ఒక పొద్దున నేను వంటింట్లో ఉండగా కేకేశారు.

"అమ్మాయ్, నీకింకా వస్తోందా?"

హాల్లోకి వచ్చి నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి చూశాను. ఇంకోసారి పీల్చాను. అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది. అంతే.

"లేదు మామయ్యా."

"నాకూ లేదు."

కర్ర తలుపు మూల నిలబెట్టి ఉంది. ఆయన దాని వైపు చూడలేదు.

"మీ తమ్ముణ్ణి రమ్మనమ్మా" అన్నారు. "ఉందో లేదో వాడొచ్చి చెప్పాలి."

నేను ఫోను తీశాను.